ఎనిమిదోది

లాంకాస్టర్‌లో లూథర్ ఎబీ వంటిల్లు, ఆదివారం చర్చి అయ్యాక. ఎదురుగా కూర్చున్నది నాణేల సంఘంలో పాత స్నేహితుడు వెర్నన్ కెల్లర్.

“కోటు విప్పరా వెర్నన్. ఇప్పుడే లేచిపోయేవాడిలా కూర్చున్నావు.”

“పర్లేదు లూథర్. ఒక మాట చెప్పి వెళ్తాను.”

“కాఫీ పోశాను కదా. బెల్లప్పాకం కేకుంది, మా చెల్లెలు పంపింది. ఇంతకీ నీ నాణేల పుస్తకం కొత్త కూర్పు అచ్చుకి వెళ్ళిందా?”

“రేపు వెళ్తుంది. అందుకే వచ్చాను. ఒక పేజీ మార్చాలి.”

“ఏ పేజీ?”

“పదిహేడు వందల తొంభై ఎనిమిదో సంవత్సరంది. అయిదు డాలర్ల బంగారు నాణెం. చిన్న గద్ద బొమ్మది.”

“ఓ, అదా. లోకం మొత్తం మీద ఏడే మిగిలాయని రాశావు. అందులో ఒకటి నీదే. మార్చడానికేముంది?”

“నీ దగ్గరున్నది ఓసారి చూపిస్తావా?”

“నా దగ్గరేముంది?”

“అదే, మీ అమ్మమ్మ బైబిల్ అట్టలోంచి ఊడిపడిందే. అప్పట్లో సంఘానికి తెచ్చావు కదా.”

“అది దొంగదిరా. నువ్వే చెప్పావుగా. భూతద్దం పెట్టి అరనిమిషం చూశావు, పోతపోసిన నకిలీ అన్నావు. అందరూ నవ్వారు. ‘మీ అమ్మమ్మకి ఎవడో బాగా టోపీ పెట్టాడు’ అన్నాడు సంఘంలో ఉన్న ఆ లాయరు.”

“గుర్తుంది.”

“ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాను. పోయేదాకా ఆవిడ మళ్ళీ దాని ఊసెత్తలేదు.”

“లూథర్, అది దొంగది కాదు.”

“కాఫీ చల్లారిపోతోంది.”

“విను. చేతిలో పడగానే తెలిసింది నాకు. భూతద్దం కూడా అక్కర్లేదు. నాదానికంటే బాగుంది, రెక్కల మీద ఈకలు లెక్కపెట్టొచ్చు. నా మొదటి పుస్తకం వచ్చి అప్పటికి వారం. ఏడు అని రాశాను. గదిలో అందరూ నా నోటివైపే చూస్తున్నారు. నా లెక్క తప్పు కాకూడదు, నాదాని విలువ తగ్గకూడదు. నోటికి వచ్చేసింది.”

“నోటికి వచ్చేసింది.”

“తర్వాత ఎన్నిసార్లో చెబుదామనుకున్నాను. మీ అమ్మాయి పెళ్ళిలో అనుకున్నాను. మీ ఆవిడ మార్తా పోయినప్పుడు అనుకున్నాను. సిగ్గేసిందిరా.”

“మరి ఇప్పుడెందుకు?”

“డెబ్బై తొమ్మిదొచ్చాయి. నాకిదే ఆఖరి కూర్పు. ఎనిమిది అని రాస్తాను. నీ పేరు పెడతాను, నేను చేసిన పనీ రాస్తాను. తిట్టు, కొట్టు, నీ ఇష్టం. నాణెం మాత్రం ఒక్కసారి చూపించు.”

“లేదు.”

“అమ్మేశావా?”

“కరిగించేశాను.”

“ఏంటి?”

“బంగారం ధర ఆకాశానికెక్కిన చలికాలం గుర్తుందా? జనం పళ్ళకి కట్టించుకున్నవి కూడా పట్టుకొచ్చి వరసలో నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. కొనేవాడు నా కళ్ళముందే మూసలో వేశాడు.”

“దేవుడా. నాది తీసుకో లూథర్. ఇదిగో, జేబులోనే ఉంది. నా మాట నమ్మి నువ్వు...”

“జేబులో పెట్టుకో. నీ మాట నమ్మి కరిగించలేదు.”

“మరి?”

“అంతకుముందు నెలలోనే ఫిలడెల్ఫియాలో నాణేలు బాగా తెలిసిన ఒకాయనకి చూపించాను. అసలైనదే అన్నాడు. దీన్ని దొంగదన్న మనిషెవరో చెప్పు, పత్రికలో వేయిస్తానన్నాడు.”

“చెప్పాల్సింది. నా పేరు చెప్పాల్సింది.”

“చెబితే ఏ సంఘంవాళ్ళు నిన్ను మళ్ళీ గడప తొక్కనిస్తారు? నాకా, స్నేహితుడని చెప్పుకోడానికి నువ్వొక్కడివే. అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నీ మొహం చూడలేకపోయాను వెర్నన్. ఏడు అనే ఉంచు. ఇప్పుడది అబద్ధం కాదు.”