అన్నయ్య గాలిచక్రం

అధ్యక్షస్థానంలో ఉన్న మా పాత డైరెక్టరుగారికి, ముందు వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న పెద్దలకి, నాతోపాటు ఇన్నేళ్ళూ పొగ పీల్చిన ఈ వాహన పరీక్షాకేంద్రం మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు) మైకు దొరికితే ఆవిడ ఇంజనుతో మొదలుపెట్టి సైలెన్సరు దాకా వదలదని క్యాంటీన్లో అనుకుంటారని నాకు తెలుసు. భయపడకండి, రిటైరయ్యే ఈవేళ ఒక్క సంగతే చెబుతాను.

పెట్రోలు పైపుకి బిగించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు, సిగరెట్ లైటరు గుంటలో గుచ్చితే చాలు మైలేజీ పెరిగిపోతుందనే మెరుపు డబ్బాలు, అన్నిటినీ చూశాం, అన్నిటినీ మర్యాదగా ఇంటికి పంపించాం. అలాంటి చోటికి ఒకరోజు ఇంజనుకి గాలి వెళ్ళే గొట్టంలో అమర్చే చిన్న రేకు చక్రం వచ్చింది. తెచ్చింది మా సొంత అన్నయ్య. అదిగో, వదిన పక్కన తల దించుకుని నవ్వుతున్నాడు చూడండి.

ఆ చక్రం కోసం అన్నయ్య ఉద్యోగం మానేశాడు, వదిన గిన్నెల మూతలు కత్తిరించి నమూనాలు చేశాడు, మా ఆమోదముద్ర పడితే ఫ్యాక్టరీ పెట్టడానికి షెడ్డు కూడా చూసుకున్నాడు. ఆ ముద్ర వేసే విభాగం నాది. అన్న వస్తువు కదా అని నేను దూరంగా ఉంటే, మా టెస్టు డ్రైవరు బండి తోలాడు, మైలేజీ నిజంగానే పెరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరుగారూ, మీరు కూడా కొట్టారు. (నవ్వులు)

గ్రాఫు చూస్తే నాకు అనుమానం వచ్చింది. చక్రం బిగించిన బండిలో డ్రైవరు కాలు, నిద్రపోతున్న పసిపిల్ల పక్కనుంచి నడిచినట్టు పెడల్ మీద మెత్తగా పడింది. కొత్త సామాను ఉందని ఆయనకి తెలుసు మరి, తెలియకుండానే ఒళ్ళు దగ్గర పెట్టుకుని తోలాడు. మళ్ళీ చేద్దాం, ఈసారి డ్రైవరుకి చెప్పొద్దు అన్నాను. మన పద్ధతి అలా పుట్టింది. మెకానిక్ తలుపులు మూసుకుని బొమ్మా బొరుసా వేస్తాడు, బొమ్మ పడితే సామాను బిగిస్తాడు, బొరుసు పడితే ఊరికే వదిలేస్తాడు, ఎవరూ తెరిచి చూడకుండా బానెట్ మీద లక్క అంటించి బండి బయటికి పంపుతాడు. అలా తిప్పి చూస్తే చక్రం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అన్నయ్య మండిపడ్డాడు. "సొంత చెల్లెలివై నా నోటి దగ్గరి కూడు లాగేస్తావా? మీ డ్రైవరుకి చేతకాదు. తాళాలిటివ్వు, నేను తోలతాను. నా చక్రం లోపలుంటే నా కాలికి తెలుస్తుంది" అన్నాడు. మెకానిక్ మళ్ళీ బొమ్మా బొరుసా వేశాక ఇచ్చాం. తిరిగొచ్చి, "ఉంది, స్పష్టంగా తెలిసిపోతోంది" అన్నాడు. మా ట్రాకు అంత మైలేజీ అంతకుముందెన్నడూ చూడలేదు. అందరి ముందూ లక్క పగలగొట్టి బానెట్ ఎత్తాం.

చక్రం లేదు.

అన్నయ్య ఇక జన్మలో నాతో మాట్లాడడనుకున్నాను. ఆ ఖాళీ గొట్టంలోకి చాలాసేపు చూసి, నావైపు తిరిగి, "చెల్లాయ్, అయితే ఇంత పెట్రోలు మిగిల్చింది నేనా?" అన్నాడు.

నువ్వే అన్నయ్యా. (చప్పట్లు)

షెడ్డులో ఫ్యాక్టరీ రాలేదు, డ్రైవర్లకి అన్నయ్య మెత్తగా తోలడం నేర్పే బడి వచ్చింది. ఇప్పుడు బస్సు డిపోలవాళ్ళు అక్కడ వరస కడుతున్నారు. ఈ నెలలో ఆ బడినే మన కేంద్రం పరీక్షించింది. కొలుస్తున్నామని ఒక్క డ్రైవరుకీ చెప్పలేదు, అయినా పెట్రోలు మిగులు నిలబడింది. నా తరువాత ఈ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి ముద్ర వేస్తుంటే నేను గుమ్మం బయట నిలబడి చూశాను. మా అన్నయ్యకి ముద్ర పడింది, అదీ నిజాయితీగా పడింది. ఇంతకన్నా గొప్పగా ఎవరు రిటైరవుతారు చెప్పండి?

నన్ను భరించినందుకు, ఆ రోజు చప్పట్లు వెనక్కి తీసుకుని నా మాట విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఈవేళ నన్ను ఇంటికి తీసుకెళ్ళేది అన్నయ్యే. ఆయన బండి తోలితే చీకటిపడ్డాక గానీ చేరం, అందుకని ఇప్పుడే బయల్దేరతాను. సెలవు.