శెనక్కాయల గదిలో పెట్టె

బెంగుళూరు నుంచి తెచ్చిన థర్మాకోల్ పెట్టెను ముదిగుబ్బలో ఇంటి పంచన వదిలి, ల్యాబు తాళాల కోసం అనంతపురం వెళ్లిన కూతురు మధ్యాహ్నం తల్లికి ఫోను చేసింది.

"మా, పెట్టె భద్రంగా ఉండాదా?"

"ఉండాది. దాని మింద హ్యూమన్ అని రాసినారే, ఎవురినన్నా కోసి తెచ్చినావా?"

"ఎవురినీ కోయలేదు. మన ఒంట్లో ఉండే ప్రొటీనే, బ్యాక్టీరియాలో తయారుచేసినారు. మిగతా ప్రొటీన్లు సరిగ్గా మడత పడేదానికి ఇంగో ప్రొటీను సాయం చేస్తాది. దానికి ఇది సాయం."

"సాయానికి సాయమా? మీ నాయనకు అట్లాటోళ్లు నలుగురుండారు, చేను మాత్రం బీడే. దీన్నుంచి రోగమేమీ అంటుకోదు కదా?"

"అంటుకోదు మా. పరీక్షలకు తెచ్చింది."

"పెట్టెలోంచి పొగొస్తాండె. ఎండకు చెడిపోతే నిన్ను పనిలోంచి తీసేస్తారని శెనక్కాయల గదిలో పెట్టినా. చల్లదనం పోకుండా కిటికీ మూసి, తలుపు సందులో తడి గోనె కుక్కినా."

"పంచలోనే ఉండనీమంటి కదా. అది నీళ్ల ఐసు కాదు, డ్రై ఐస్. కరిగితే నీళ్లు కాదు, చెడ్డ గాలి అయితాది. మూసిన గదిలో మనిషికి ఊపిరాడదు."

"ఊపిరాడదా?"

"మా, ఆ గదిలో ఎవురూ లేరు కదా?"

"చల్లగుంటాదని మీ అవ్వ పోయి పండుకుండాది."

"తలుపు తెరువు. నువ్వు లోపల నిలబడొద్దు, పక్కింటోళ్లను పిలువు."

"తెరుస్తాండా. అత్తా... అత్తా, లెయ్."

"అవ్వ పలికిందా?"

"నీ ఫోను వచ్చేదాకా గురక ఈడికి ఇనపడతాండెనమ్మా."