ఎవని మట్టి వాడే కడగాలె

ఏందే వందనా, గా బూట్లు తెచ్చి నా ముంగట పెట్టినవ్? కడగాల్నా? నేనా? రేపు పొద్దుగాల మంచిర్యాలల సెలక్షన్ అంటివి. ఫుట్‌బాల్ ఆడేది నువ్వు, బురదల దుంకింది నువ్వు, కడిగేది నేనా? నాకు చేతులు లేక కాదు బిడ్డా. నీ బట్టలు ఉతుకుత, నీ జడేస్త, నువ్వు తిని లేచిన పళ్లెం గూడ తీస్త. ఆట బూట్లు మాత్రం ముట్ట. ఈ ఇంట్ల ఒకల ఆట బూట్లు ఇంకొకలు కడిగే రివాజు లేదు. ఎవలు పెట్టిన్రంటవా? మీ చిన్నతాత పెట్టిండు, పరశురాములు. మీ తాతకు తమ్ముడు, నాకు మరిది. గా గోడ మీద ఫోటో సూడు, చేతులు కట్టుకోని, ఎవనితోనో కొట్లాటకు పోతున్నట్టు నిలవడ్డడు... ఆఁ, గాయినే. మీ బాపు ఇంకా లాగులు తొడుక్కునేటప్పుడే పోయిండు. నీకెట్ల ఎరుకైతడు? గిట్ల కూసో. గా బకీటు జరుపు. నా దిక్కు కాదు, నీ దిక్కు జరుపుకో.

అప్పుడు మనం బెల్లంపల్లిల ఉంటుంటిమి, బొగ్గుబాయి క్వార్టర్లల్ల. రెండర్రలు, లోపటి దాంట్లనే పొయ్యి, దేవుడు, ముంగట అర్ర బయట ఇంత వసార, పది ఇండ్లకు ఒక్క నల్ల. అన్నదమ్ములిద్దరిది బాయిల దిగి బొగ్గు తవ్వే పని. మీ తాత డ్యూటీ నుంచి వస్తే తిని పండుకునుడే. ఈయన మాత్రం గ్రౌండుకు పోవాలె. మా బాయి టీంల వెనుక నిలవడి, అవతలోని బాల్ గోల్ దాక రానియ్యకుంట ఆపేటోడు... ఏమంటరే దాన్ని? డిఫెండరా? ఏదన్న గానీ. ఎత్తు తక్కువ, ఉరుకుడు ఎక్కువ. సదువు పదో తరగతిల ఆగింది గాని పుస్తకాలు ఆగలే. ఏడికెల్లి తెచ్చేటోడో, దిండు కింద పుస్తకం, సంచిల పుస్తకం. మాట్లాడితే గోడ మీద ఎర్ర రంగుతోటి రాసినట్టే ఉంటుండె. కూరల ఉప్పు తక్కువైతే, 'వదినె, జర ఉప్పు ఎయ్యి' అంటే అయిపాయె గదా! అనడు. 'ఉప్పు మీద అందరికి సమాన హక్కున్నది వదినె' అంటడు. మా అత్త యాదవ్వ, అంటే ఆయన కన్నతల్లి, 'ఓ నీ హక్కు పాడుగాను, గా డబ్బ గాడనే ఉన్నది, లేచి ఏసుకో' అనేది. ఇద్దరికిద్దరు. నేను నడుమ కూసోని నవ్వేదాన్ని.

గిసొంటి మనిషి బూట్ల కాడికి వచ్చేవరకు పూజారి లెక్క అయిపోయేటోడు. అప్పటి బూట్లు నీయసొంటియి కాదే. ముద్ద తోలు. కింద తోలు బిళ్లలు మొలలతోటి కొట్టి ఉంటుండె. నీళ్లు తాగితే ఒక్కోటి ఇటుక బరువు. ఆట అయిపోంగనే మంది చాయ్ హోటల్ కాడికి పోతే ఈయన సక్కగ ఇంటికొచ్చి వసారల సతికిలవడేటోడు. మొదలు బురదను ఆరనియ్యడు, పచ్చిగున్నప్పుడే తీస్తడు. ఆరితే తోలును పట్టి గుంజుతదట. వేపపుల్లతోటి పండ్లు తోముకున్నంక పారేస్తం గదా, గా నమిలిన కుచ్చును దాసి పెట్టేటోడు. దాంతోటి కుట్ల నడుమ, బిళ్లల నడుమ రాకేటోడు. నల్ల కింద పెట్టడు, తడి బట్టతోటి తుడుస్తడు. లేసులు ఊడదీసి ఏరే ఉతుకుతడు. ఇంకో పిచ్చి చెప్పాల్నా? లోపట పేపర్ కుక్కుతడు, తడి గుంజుకుంటదని. తెల్లారి గా పేపర్ గుంజి పారెయ్యాలె గదా? పారెయ్యడు. ముడతలు సాపు చేసుకుంట సదువుతడు. 'ఓరి పరశా, అది సెమట కంపు కొడుతుందిరా' అంటే, 'వార్తకు కంపేంది అవ్వా' అనేటోడు. ఆరినంక ఇంత ఆముదం, మునివేళ్లకు అద్దుకోని, చంటిపోరనికి రాసినట్టు రాసేటోడు. ఎండల పెట్టడు, పొయ్యి కాడ పెట్టడు. వసారల నీడకు, గాలికి.

నేను కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు, మరిది బూట్లు గదా అని కడగవోయిన. చేతులకెల్లి గుంజుకున్నడు. 'వదినె, ఎవని మట్టి వాడే కడగాలె. ఒకని మట్టి ఇంకొకడు కడిగినంత కాలం లోకంల సమానత్వం రాదు!' నేను బిత్తరవోయిన. మా అత్త పొయ్యి కాడ రొట్టె కొడుతుండె. చెయ్యి ఆపి తిరిగింది. 'ఓహో! మరి బాయిల నుంచి తెచ్చే నీ బొగ్గు బట్టలు ఎవలు కడుగుతుండ్రు కొడుకా? నీ వదినె. ఆమె రాకముందు నేను. నీ సమానత్వం బూట్ల కాడికి వచ్చి ఆగిందా, అంగీ దాక వస్తదా?' అన్నది. అగో, గప్పుడు సూడాలె ఆయన మొకం! తెల్లారి డ్యూటీ దిగి వచ్చిండు, తన బొగ్గు అంగీ, లాగు పట్టుకోని నల్ల కాడికి పోయిండు. ఆడోళ్ల నడుమ కూసోని ఉతుకుడు మొదలువెట్టిండు. క్వార్టర్ల లైనంత బయటికొచ్చి సూసింది. పక్కింటోడు 'ఏందిరో పరశురాములూ, గాజులు ఏసుకుంటవా?' అన్నడు. ఈయన తల ఎత్తకుంటనే, 'నీ లాగు గూడ తేవోయ్, ఎట్ల ఉతకాల్నో నేర్పుత' అన్నడు. నల్ల కాడ ఆడోళ్లు ఒకటే నవ్వుడు. ఒక్కనాటి ముచ్చట కాదు బిడ్డా. పోయేదాక తన బట్టలు తనే ఉతుక్కున్నడు. నినాదాలు చెప్పేటోళ్లను శాన మందిని సూసిన. చెప్పిన మాట తన అంగీ దాక తెచ్చుకున్నోడు మా ఇంట్లనే ఉండె.

కని తల్లీకొడుకులకు ఒక్క కాడ మాత్రం కలవకపాయె. దసర కాడ. దసరకు పనిముట్లు దేవుని ముంగట పెట్టి మొక్కుతం గదా. మీ తాత బాయి చెమ్మాసు, గదే బొగ్గెత్తే పార, కడిగి పెట్టిండు. మా అత్త కొడవలి పెట్టింది, నేను కత్తిపీట పెట్టిన. ఈయన బూట్లు తెచ్చి పక్కన పెట్టిండు. మా అత్త బొట్టు గిన్నె కింద పెట్టి లేచింది. 'తియ్యిరా! కాళ్లకు తొడిగేటియి దేవునర్రల పెడుతవా?' 'అది నా పనిముట్టు అవ్వా. శ్రమకు అంటు లేదు.' 'శ్రమకు అంటు లేకపోతే లేకపాయె, చెప్పుకు జాగనే దొరకలేదా? తియ్!' ఈయన బూట్లు తీస్కోని వసారల పెట్టుకోని, తనే ఇంత కుంకుమ పెట్టుకోని, తనే మొక్కుకున్నడు. జమ్మి ఆకు ఇచ్చి అందరి కాళ్లు మొక్కిండు, తల్లి కాళ్లు గూడ. కని ఆ పూట ఇంట్ల తినలే. మా అత్త గూడ తినలే. ఎవల పంతం వాళ్లది.

మల్ల వానకాలం వచ్చింది. మా బాయి టీం ఫైనలుకు పోయింది. అవతల మహారాష్ట్ర చంద్రాపూర్ టీం. రేపు మ్యాచ్ అనంగ వాన, వాన అంటే గా వాన. బూట్లు పేపర్ కుక్కి వసారల పెట్టి పొద్దుగాల డ్యూటీకి పోయిండు. నేను రేషన్ లైన్ల నిలవడ్డ. ఇంట్ల మా అత్త ఒక్కతే. సూసిందట, జల్లు కొట్టి బూట్లు నానుతున్నయ్. కొడుక్కు రేపే ఆట. బొగ్గు క్వార్టర్ల వానకాలం బట్టలు ఏడ ఆరుతయే? బొగ్గుల పొయ్యి కాడనే. అది ఆరిపోయేది లేదు, దాని సుట్టు తీగెలు కట్టి అంగీలు, బొంతలు, పోరగాండ్ల లాగులు, అన్ని గాడనే. గట్లనే పేపర్ గుంజి, బూట్లు పొయ్యికి ఆనిచ్చి పెట్టింది. ప్రేమతోటే పెట్టింది. నేను వచ్చేవరకు తోలు మాడిన వాసన. బూట్లు అప్పడాల లెక్క ముడుసుకున్నయ్. ఒకదాని కింది తోలు నోరు తెరిసింది.

ఆయన డ్యూటీ దిగి వచ్చేవరకు మా అత్త పొయ్యి కాడ్నే నిలవడి ఉన్నది. కూసోలే. 'కొడుకా... ఆరుతయనుకున్న' అన్నది. ఇగ లొల్లి అయితదని నేను మీ బాపును సంకకు ఎత్తుకున్న. ఆ పొద్దు ఆయన నోట్లకెల్లి ఒక్క నినాదం రాలే బిడ్డా. బూట్లు ఒళ్లె పెట్టుకున్నడు, బొటనవేలితోటి మెల్లగ ఒత్తి సూసిండు. తల్లి మొకం సూసిండు. 'అవ్వా, ఆముదం సీస తే' అన్నడు. తెచ్చింది. 'కూసో. నువ్వొకటి పట్టు, నేనొకటి పడుత.' ఎవలను ముట్టనియ్యని మనిషి! తల్లి ఒక బూటు, కొడుకు ఒక బూటు. రాసుడే రాసుడు. మా అత్త చేతులు నీకెరుక లేదు గాని, పొలం పనికి, పిడుకలకు మొద్దువారిన చేతులు. కని ఆమె రాస్తుంటె తోలు దారికి వచ్చుడు నేను కండ్లార సూసిన. మల్ల బూట్లు బజార్ల చెప్పులు కుట్టే మునీర్ భాయి కాడికి తీస్కపోయిండు. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, 'క్యా రే పరశురాం, ఏ బూట్ హై క్యా పాపడ్?' అన్నడట, బూట్లా అప్పడాలా అని. కని కూసోని కింది తోలుకు మొలలు కొట్టి, పాత సైకిల్ ట్యూబు కోసి సుట్టు బిగించి ఇచ్చిండు.

తెల్లారి గ్రౌండంత మంది. చంద్రాపూరోళ్లు ఆ ట్యూబు సూసి, 'కాయ్ బూట్ ఆహే రే!' అని, ఏం బూటురా ఇది అని ఒకటే ఇకిలింపు. ఆట సగం కాకముందే ఒక బూటు పగిలింది. ఏదో తెలుసా? ఆయన రాసింది! దాన్ని ఇప్పి అవతల ఇసిరేసిండు. ఒక కాలు బూటు, ఒక కాలు ఉత్తదే, బురదల. మావోళ్లు ఒక గోల్ ముందున్నరు. ఆఖరికి చంద్రాపూరోడు ఒకడు గోల్ కాడ నిలవడ్డోన్ని గూడ తప్పిచ్చి కొట్టిండే, బాల్ పోతనే ఉన్నది, పోతనే ఉన్నది... ఏడికెల్లి వచ్చిండో ఈయన, జారుకుంట వచ్చి, బూటున్న కాలు అడ్డం పెట్టి ఎత్తి కొట్టిండు. బాల్ పోయి అవతల చాయ్ హోటల్ రేకుల మీద పడ్డది! గెలిచినం. మీ తాత, మాట పడనోడు, ఎన్నడు నవ్వనోడు, నా కండ్ల ముంగట ఎగిరిండు. మా అత్త పక్కన ఉన్నోళ్లకు చెప్పుడు, 'గా కాలుది నేను రాసిన! గది నాది! పగిలింది వాడు రాసింది!' ఏండ్లకేండ్లు చెప్పింది బిడ్డా. పాలు పోసేటోనికి చెప్పింది, పోస్టుమన్‌కు చెప్పింది.

ఆ దసరకు మా అత్త తనే దేవునర్రల కొడవలి పక్కన బూటు పెట్టింది. బొట్టు పెట్టి దండం పెట్టింది. కని ఒక్కటే! మునీర్ భాయి రెండోదాన్ని గూడ కుట్టి ఇచ్చిండు గదా, దాన్ని పెట్టలే. 'ఇది నేను రాసింది, నేను పెడుత. నీది నువ్వే పెట్టుకో. ఎవనిది వాడే గదరా!' అన్నది. ఆయన నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లు తెచ్చుకోని, తనది తెచ్చి పక్కన పెట్టిండు. గట్లనే ఏటేట. ఆముదం రాసుడైనా, దసరకు పెట్టుడైనా తల్లిదొకటి, కొడుకుదొకటి.

ఏందే, ఫోన్ల సూపిస్తుండ్రా బూట్లెట్ల కడగాల్నో? ఏమంటుండు వాడు? పేపర్ పెట్టాలె, ఎండకు పెట్టొద్దు అంటుండా? అగో! మీ చిన్నతాత ఎన్నడో చెప్పిండు, వాని తాత పుట్టకముందు. ఆముదం వద్దంటుండా? ఇది తోలు కాదా? సరే తియ్, ఆముదం ఖర్చు తప్పింది. గా మడమ కాడ ఇంకా ఉన్నది సూడు మట్టి, పాత బ్రష్షుతోటి రాకు. ఆఁ. గట్ల.

కామెర్లు తీస్కపోయినయ్ ఆయనను. ఆదిలాబాద్ దాక తిప్పినం, నిలవలే. మా అత్త ఏడ్సుడు సూసినోళ్లు లేరు. కని బూట్లను మాత్రం ఇడవలే. అమాస అమాసకు ఆముదం సీస తీసి వసారల కూసునేది, ఆయన కూసున్న కాడనే. అప్పటిదాక ఒక్కదానికే రాసింది గదా, ఎవలది వాళ్లే అని. గప్పటి సంది... రెండిట్లకు రాసింది.

...

ఏం లేదే. ఏం గాలే. ఒక బూటు ఇటియ్యి. కడుగుతనన్ననా? ఇటియ్యి అంటున్న. నువ్వొకటి పట్టు... అగో, స్టవ్ మీద పాలు పొంగుతున్నయ్, ఉర్కు!