గొడుగు మోగదు బావా

హలో… ఆ, నేనే బావా. చీపురు చేతిలోనే ఉంది, చెప్పు…

ఏ ఫోను? … ఆ, నిన్న సినిమా అయ్యాక సీటు కింద దొరికిందే? నా దగ్గరే ఉంది.

లేదు, ఇవ్వను… ఇవ్వనంటే ఇవ్వను. ఫోన్ల షాపువాడికి అమ్ముతానని మాటిచ్చింది నువ్వు. నన్నడిగి ఇచ్చావా?

ఆగాగు, తెలుసు… హాల్లో సీట్ల కింద ఏం దొరికినా ఊడ్చినవాళ్ళదే. మొదట్నుంచీ ఉన్న పద్ధతే, కాదన్నానా? ఆమధ్య దొరికిన పూల గొడుగు నేనే ఉంచుకున్నాను. ఇప్పటికీ మా తలుపు వెనకే వేలాడుతోంది. దానికి నాకేం సిగ్గు లేదు…

అదే చెప్తున్నా! గొడుగు మోగదు బావా. ఇది మోగింది. నిన్న బస్సులో, నా సంచిలో… అందరూ నా వైపే చూపులు. "ఎత్తవేంటమ్మా" అంది పక్కావిడ. ఎలా ఎత్తను? ఆపేసి సిమ్ తీసెయ్యమంటివి నువ్వు. ఆపేశాను. ఛీ, నా మీద నాకే అసహ్యమేసింది.

… లేదు, సిమ్ తియ్యలేదు. పొద్దున ఛార్జింగ్ పెట్టి ఆన్ చేశాను.

అబ్బా, అరవకు! చెవి పోతోంది.

… ఆహా, అక్కడికొచ్చావా? ఈ పని ఇప్పించింది నువ్వే, నేనెప్పుడు మర్చిపోయాను? మా ఊడ్చేవాళ్ళ మీద మేస్త్రీవి, తీసేస్తే తీసెయ్. నన్నెందుకు మాన్పించావో మా అక్కకి నువ్వే చెప్పుకో…

భయమా? ఉంది. ఈ పని పోతే నాకింకో పని ఎవరిస్తారు? అయినా దీన్ని అమ్మనివ్వను.

ష్… ఉండు. మోగుతోంది. అదే! … పెట్టెయ్యకు, లైన్లోనే ఉండి విను.

హలో… ఆ, దొరికిందండీ. భద్రంగా ఉంది… అయ్యో, ఏడవకండి… నేనా? సినిమా హాలు ఊడ్చేదాన్నండీ… వద్దండీ, నాకేమీ ఇవ్వొద్దు. సాయంత్రం ఆటకి ముందు టికెట్ల కిటికీ దగ్గరికి రండి. మేనేజరు గారుంటారు, ఊడ్చేవాళ్ళందరం ఉంటాం… ఆ, మా మేస్త్రీ గారే మీ చేతికిస్తారు. సరేనండీ.

… విన్నావా బావా?

తిట్టుకో, తిట్టుకో… కానీ వచ్చేటప్పుడు ఉతికిన చొక్కా వేసుకురా. అంతమంది ముందు ఇచ్చేది నువ్వే.

ఉంటా. ఇంకా సగం హాలు ఊడవాలి.