జాలీకి దుప్పటి

నా వంక అలా చూడకండి మామయ్యా! కావాలని తగలబెట్టానా నేను? అడ్డదిడ్డంగా తొక్కేవాణ్ణే అయితే మొదటి రోజే మాడిపోయేది ఆ కంప్యూటరు కార్డు!

ఏంటి, గోడవైపు తిరిగిపోయారా? తిరగండి. చెవులు మూసుకోలేరుగా.

షాపు నుంచే వస్తున్నా. ఆ రిపేరు చేసేవాడు కార్డుని అటు తిప్పి, ఇటు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఓవర్‌క్లాకింగ్ చేశారా?" అన్నాడు. చేశానన్నా. ఓ నవ్వు నవ్వాడు చూడండీ! పెళ్ళైన కొత్తలో నన్ను మీ బస్సు డ్రైవరు సీట్లో కూర్చోబెడితే క్లచ్ ఏదని అడిగాను కదా, అప్పుడు మీరు నవ్విన నవ్వు. అచ్చం అదే. తర్వాత కార్డు నా చేతిలో పెట్టేసి, ఇక దీన్ని వదిలెయ్యండి అన్నాడు.

అసలు నాకెందుకండీ ఈ గొడవ? హాయిగా ఆఫీసుకెళ్ళి, వచ్చి, ఇంత తిని పడుకునేవాణ్ణి.

మీకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, అన్నీ ఒక్కసారే పడిపోయాయి. ఎక్సర్‌సైజులు చేయించే అతను రబ్బరు బంతి చేతిలో పెడితే విసిరికొట్టారు. "ఏ కదలిక రావాలన్నా ఇప్పుడే రావాలి, ఆలస్యమైతే బిగుసుకుపోతుంది" అని అతను మొత్తుకుంటుంటే కళ్ళు మూసుకుని పడుకున్నారు. అలాంటి మనిషి ముందు మీ అమ్మాయి ఆ బస్సు ఆట పెట్టింది. నా పాత కంప్యూటరు, ఓ ప్లాస్టిక్ స్టీరింగు. దీన్ని ఈయన ముట్టుకుంటాడా అనుకున్నా నేను.

ముట్టుకున్నారు! హారన్ కొట్టారు. అడ్డొచ్చిన లారీని చూసి ఏదో గొణిగారు. అది తిట్టేనని అత్తయ్య ఒట్టేసి చెప్పారు. కొన్నాళ్ళకి ఆ కుడిచెయ్యి దుప్పట్లోంచి పాక్కుంటూ వచ్చి స్టీరింగు మీద వాలింది. మీ అమ్మాయి వంటింట్లోకి పారిపోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాననుకోండి, అది వేరే సంగతి.

కానీ నా బోడి కంప్యూటరు! అందులో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు అన్నింటికంటే చవకది, అదీ ఎన్ని చేతులు మారి వచ్చిందో. రోడ్డు తిన్నగా ఉన్నంతసేపూ బానే ఉండేది. మలుపు రాగానే బొమ్మ ఆగేది. మీరు ఇప్పుడు తిప్పితే బస్సు కాసేపటికి తిరిగేది. ఈలోగా గోడని గుద్దేసేది. సర్వీసంతా బండికి గీత పడనివ్వని మనిషి మీరు. మలుపు మలుపుకీ గుద్దుతుంటే ఎంతకని ఓర్చుకుంటారు? స్టీరింగు తోసేశారు. చెయ్యి మళ్ళీ దుప్పట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు మొదలుపెట్టా ఈ ఓవర్‌క్లాకింగ్. కొత్త కార్డు కొనే తాహతుంటే ఇదంతా ఎందుకు? ఉన్న ఇంజన్నే కాస్త ఎక్కువ తొక్కడం, అంతే కదా!

ఎంత జాగ్రత్తగా చేశాననుకున్నారు? ముందు దుమ్మంతా దులిపా. కార్డు వేడిని లాగేసే పేస్టు ఎండిపోతే, అది గీకేసి కొత్తది రాశా. ఫ్యాను ఇంకాస్త జోరుగా తిరిగేలా పెట్టా. తర్వాత స్పీడు కొద్దిగా పెంచడం, పరీక్ష పెట్టడం, వేడి ఎంతుందో చూడడం. మళ్ళీ కొద్దిగా పెంచడం. ఓసారి తెరమీద రంగు చుక్కలు కనిపించాయి. మీ అమ్మాయి "అబ్బ, బాగున్నాయే" అంది. బాగుండటమేంటి నీ మొహం, కార్డు తట్టుకోలేకపోతోంది అని వెంటనే వెనక్కి తగ్గించా. వోల్టేజీ జోలికి పోలేదు. దాంతో పెట్టుకుంటే కొంపలంటుకుంటాయని నాకు తెలీదా?

మీరు మంచమ్మీద నుంచి చూస్తూనే ఉన్నారు. వేడి అంకె మారినప్పుడల్లా మీ కళ్ళు అటే వెళ్ళేవి. అబ్బో, మా మామయ్యకి టెంపరేచరు ముల్లు గుర్తొచ్చిందిరా అనుకుని ఎంత సంబరపడ్డానో!

ఇక మిగిలింది చివరి పరీక్ష. రోజంతా ఆపకుండా పరిగెత్తించి చూడాలి. నిలబడితే ఇక భయం లేనట్టే. మొన్న పొద్దున్న అది పెట్టి, "సాయంత్రం బండి మీదే మామయ్యా, మలుపుల్లో దుమ్ము లేపేయండి" అని మీ భుజం తట్టి వెళ్ళా. చల్లగాలి తగిలితే మంచిదని కంప్యూటరు పక్కనున్న కిటికీ కూడా తెరిచిపెట్టా. ఎంత తెలివైన పని చేశానో చూడండి!

సాయంత్రం తలుపు తీస్తే మాడు కంపు. తెర నల్లగా ఉంది. కంప్యూటరు డబ్బాకి ముందువైపు గాలి లోపలికెళ్ళే జాలీ ఉంటుందే, దానికి మీ దుప్పటి కట్టి ఉంది!

అత్తయ్య మీద అరవబోయాను. నోటిదాకా వచ్చింది. ఆవిడ మందుల కోసం వెళ్ళి అప్పుడే వచ్చారు, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. మీ అమ్మాయి డ్యూటీలో ఉంది. అప్పుడు చూశా ఆ ముడి. బస్సు టాపు మీద సామాను కట్టే ముడి. లాగేకొద్దీ బిగిసేది. ఓ కొస పంటిగాట్లతో నలిగిపోయి ఉంది.

చలికాలం పొద్దున్నే ఇంజను త్వరగా వేడెక్కాలంటే రేడియేటరు ముందు జాలీకి గోనెపట్టా కట్టేవాళ్ళం అని ఎన్నిసార్లు చెప్పారు మీరు! అన్నం తినేటప్పుడల్లా అదే కథ. బయట చలి, కిటికీ బార్లా తీసుంది, గాలి సూటిగా బండికే కొడుతోంది. పాపం ఇంజను చల్లబడిపోతుందనుకున్నారు. అవునా?

వేడెక్కితే కార్డు దానంతటదే స్పీడు తగ్గాలి, ఆగాలి. మంచిదైతే ఆగేదేమో. ఇది ఆగలేదు.

మామయ్యా, నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, తల గోడకేసి బాదుకోవాలనీ అనిపించింది. మంచం ఎక్కడ, ఆ కిటికీ ఎక్కడ! గోడ పట్టుకుని వెళ్ళారా? పాక్కుంటూ వెళ్ళారా? కూర్చోబెట్టడానికే ఇద్దరం ఆపసోపాలు పడుతున్న మనిషి లేచి వెళ్ళి, ముడేసి, మళ్ళీ వచ్చి పడుకున్నారు! ఇన్ని నెలలుగా మేం బతిమాలుకుంటున్నది దానికోసమే కదండీ!

నిన్న అడిగా, ఇంకొక్కసారి లేవండని. ఇవాళా అడిగా. చంకలో చెయ్యేసి లేపబోతే బియ్యం మూటలా వాలిపోయారు. తెర ఆరిపోయినప్పట్నుంచీ కుడిచెయ్యి బయటికే రాలేదు. బండి లేదు, ఇంకెందుకు లేస్తారు? ఎవరికోసం లేస్తారు? మేం మనుషులం, మేం చాలం మీకు.

అయ్యో, కోపంగా అన్నానా? కోపమే మరి! మీ మీదో, నా మీదో, ఆ కిటికీ మీదో తెలీడం లేదు.

అత్తయ్య కంటపడకుండా దుప్పటి ముడి విప్పి మడతపెట్టేశా. కార్డెలా కాలిందని అత్తయ్య అడిగితే, నేనే ఎక్కువ తొక్కానని చెప్పా. అల్లుడికి బండి చేతకాదని ఇంటిల్లిపాదికీ తెలిసిందేగా, మారుమాట లేకుండా నమ్మేశారు. మీరు లేచి నడిచారని చెప్పలేదు. చెప్తే రేపట్నుంచీ ఆవిడ మీ కాళ్ళవైపే చూస్తూ కూర్చుంటారు. మీరు లేవరు. అది చూడటం నావల్ల కాదు.

అదిగో, ఆవిడే వస్తున్నట్టున్నారు. కళ్ళు తుడుచుకోండి. ఆగండి, నేను తుడుస్తా.

మీరు మాత్రం ఆవిడ దగ్గర నోరు జారకండి మామయ్యా. ఒక్క మాట కూడా.

ఒక్క మాట జారినా చాలు, కాళ్ళు మొక్కుతా మీకు. జారరు. తెలుసులెండి.