తాతయ్య బిళ్ళ

గని కాలనీలో ఒక వంటగది. తండ్రి స్టవ్ దగ్గరున్నాడు. కూతురు అప్పుడే గని ఆఫీసు నుంచి వచ్చింది.

"మళ్ళీ చెప్పు. ఎవరి పేరు కొట్టేయించానన్నావ్?"

"తాతయ్య పేరే నాన్నా. అప్పట్లో నీళ్ళొచ్చి గనిలో పోయినవాళ్ళకి కొత్త రాయి చెక్కిస్తున్నారుగా, ఆ లిస్టులో ఉంది. తాతయ్య మనింట్లో మంచం మీద పోయాడు, నేను పక్కనే ఉన్నా. తప్పని రాసిచ్చా, తీసేశారు."

"నిన్నెవరు చెయ్యమన్నారే?"

"ఒకళ్ళు చెప్పాలా? మన వంశం సంగతులు రాద్దామని కూర్చుంటే, మొదటి పేజీలోనే బతికున్నవాణ్ణి ఆ లిస్టు చంపేసింది."

"రేపు పొద్దున్నే వెళ్ళి మళ్ళీ పెట్టించు."

"ఎందుకు?"

"పెట్టించమన్నానా లేదా."

"ముందు స్టవ్ కట్టెయ్, పాలు పొంగుతున్నాయ్. ఎందుకో చెప్పు."

"ఆయన బిళ్ళ మీద ఇంకొకడు దిగాడు. చాలా?"

"చాలదు."

"దిగేటప్పుడు ఎవడి నంబరు బిళ్ళ వాడు మేకు మీంచి తీసుకుంటాడు, పైకొచ్చాక తగిలిస్తాడు. ఆ రోజు మీ తాత తప్పతాగి పడున్నాడు. నాగా పెడితే పని ఊడుద్ది. పక్కింటివాడు అప్పుడే సొంత షిఫ్టు చేసొచ్చి, తన బిళ్ళ తగిలించి, మీ తాత బిళ్ళతో మళ్ళీ దిగాడు. ఆ షిఫ్టులోనే నీళ్ళొచ్చాయి. ఎవడి బిళ్ళ తిరిగి రాకపోతే వాడు చచ్చినట్టు లెక్క."

"మరి పక్కింటాయన?"

"వాడి బిళ్ళ మేకుకే ఉందిగా. పైకొచ్చి పరారయ్యాడని రాశారు."

"తాతయ్య నోరు విప్పలేదా?"

"విప్పితే, బిళ్ళ మార్చినందుకు జైలు. ఎవరి కంటా పడకుండా వేరే గనికి పోయి, పైన బొగ్గెత్తుకుని బతికాడు."

"ఛీ. ఆ పోయినాయన పేరన్నా చెక్కించొచ్చుగా. ఇన్నేళ్ళూ నువ్వేం చేస్తున్నావ్?"

"తిరిగాను. పదకొండేళ్ళు తిరిగాను. రుజువు తెమ్మన్నారు. శవమే దొరకలేదు, ఏం తెమ్మంటావ్?"

"ఆయనకి పెళ్ళాం పిల్లలు లేరా? మొగుడు వదిలేసి పోయాడని కాలనీ అంతా అంటుంటే ఆవిడ పడిందా?"

"పడింది. ఏడాది పడింది. మీ తాత వచ్చి తీసుకెళ్ళేదాకా."

"తీసుకెళ్ళడమేంటి? ఎవర్ని?"

"మీ నాయనమ్మని. చంకలో నన్ను. మా నాన్న పోయాడని చెప్పడానికి ఈ భూమ్మీద ఆ లిస్టులో మీ తాత పేరొక్కటే ఉంది, దాన్ని కొట్టేయించి వచ్చావు నువ్వు."