చెక్క కింద ఫోన్

బహ్రెయిన్‌లోని బుసైతీన్‌లో ఒక పాత ఇంటి వంటగది. నేల సగం కాంక్రీటు, సగం చెక్క. టైల్స్ వేయడానికి వచ్చిన లక్ష్మణ్ చెక్కల మీద సిమెంటు బోర్డులు బిగించాడు. ఆ ఇంట్లో పనిచేసే చంద్రవ్వ గుమ్మంలో నిలబడి ఉంది.

“ఒక్క బోర్డే తమ్మీ! ఆ మూలది. తీసి మల్ల పెట్టు.”

“ఎట్లయితదక్కా? కింద గమ్ పూసి బిగించిన. తీస్తె పగులుతది.”

“పగలనియ్.”

“పగలనియ్యంటవా? జెర నా మాటిను. ఇటు కాంక్రీటు, కదలది. అటు చెక్క, కాలు పెడితె ఊగుతది. గట్టిగ బిగియ్యకుంట టైల్స్ పరిస్తె రెండు కలిసిన కాడ నెల తిరగకుండ చీలుతయి. నన్ను పనికి తెచ్చిన కఫీల్ నన్ను చీరుతడు.”

“నీ టైల్స్ పాడుగాను! నా పానం పోతున్నదిరా ఈడ.”

“మెల్లగ. మేడమ్ పైననే ఉన్నది.”

“ఉంటది. పొద్దుగూకినంక పెండ్లికి పోతది. ఇయ్యాల తప్పితె మల్ల ఇల్లిడిచి ఎప్పుడు పోతదో.”

“పోతె?”

“పద్మజమ్మకు ఫోన్ కొట్టాలె. మనామ పట్నంల ఉంటది, మనోళ్లకు సాయం చేస్తది. ఇల్లు ఖాళీ అయినప్పుడు ఒక్క రింగియ్యి, కారు తీస్కొని గేటు కాడికొస్త అన్నది. అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది తమ్మీ. ఇంటికి పంపుమంటె కొడుతున్నరు. నా బిడ్డ మొఖమే మర్చిపోయేటట్టున్న.”

“నా ఫోన్‌ల చెయ్.”

“నెంబరు నోటికి రాదు. నాకు సదువొస్తదా? నా ఫోన్‌లనే ఉన్నది. ఆ ఫోన్ ఆ చెక్క కింద ఉన్నది. చూస్తె గుంజుకుంటరని దాసుకున్న.”

“కింద ఏం లేదక్కా. బోర్డు పెట్టే ముందు చెక్కలు లేపి సాఫ్ చేసిన.”

“సాఫ్ చేసినవా? మరి అండ్ల ఉన్నది ఏం జేసినవ్?”

“ఏముంటయి... దుమ్ము. బొద్దింకలు.”

“ఫోన్ తమ్మీ. గుడ్డల చుట్టిన ఫోన్.”

“చూడలే. ఏమో. ఎలుకలు గిన...”

“నా మొఖం చూసి చెప్పు.”

“నేనేం జెయ్యాలె అక్కా! ఇండ్లల్ల పనికి పోతె ఏది దొరికినా ముందుగాల ఇంటోళ్ల చేతుల పెట్టాలె. లేకుంటె దొంగతనం కేసు మన మీదనే. మా క్యాంపుల ఒకడు గట్లనే జైలుకు పోయిండు. నీదని నాకేమెరుక? భయపడ్డ.”

“ఇచ్చినవా?”

“పొద్దుగాల్లనే.”

“అయ్యో! అయ్యో నా బిడ్డా... ఇగ ఖలాస్. నన్ను సంపినవ్ కదరా.”

“ఏడ్వకు. వింటది.”

“విననియ్! ఏమన్నది?”

“షుక్రన్, మంచి పని చేసినవన్నది. నవ్వింది. టైల్స్ తర్వాత గానీ, ముందుగాల నీ అర్ర తలుపుకు బయట దిక్కు గొళ్లెం బిగియ్యుమన్నది.”

“బిగించినవా? అది గూడ బిగించినవా?”

“స్క్రూలు లేవన్న. డబ్బ మొత్తం ఈ చెక్కలకే పట్టింది. దుకాణానికి పోయి తెమ్మని గేటు తాళంచెవి నా చేతుల పెట్టింది.”

“అంటె?”

“బండి గేటు కాడనే ఉన్నది. ఎనక బోర్డుల నడుమ పండుకో. మన ఇండియా ఎంబసీ ఏ దిక్కో నాకెరుకే. చెప్పులొద్దు, చప్పుడైతది. నడు.”